గుండిగ మీద పేరు

ఆ ఎండాకాలం ఓట్లు దాటేదాకా మా ఆయన ఒంటి మీద దెబ్బ పడకుండా ఉంటే చాలు, ఇంకేమీ కోరనని అమ్మవారికి మొక్కుకున్నాను. దెబ్బ పడలేదు. మొక్కు మాత్రం ఇంకా తీర్చలేదు. ఏమని చెప్పి తీర్చాలో తెలియడం లేదు.

నాకు భయం పుట్టుకతో వచ్చింది. ఫోను మోగితే చావు కబురే అనుకుంటాను. బస్సు రావడం ఆలస్యమైతే ఘాటీలో పడిపోయిందనుకుంటాను. రాయగడలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయి సుజన, "భయపడ్డానికి ఏటీ లేపోతే, ఎందుకు లేదా అని భయపడతావమ్మా నువ్వు" అని నవ్వుతుంది. ఏడో తరగతితో ఆగిపోయిన బుర్ర నాది, దానికి అంతకంటే చేతకాదు.

బొయిపరిగుడలో మాది కిరాణా కొట్టు. మా మావగారి నాన్న పార్వతీపురం వైపు నుంచి సరిహద్దు దాటి ఈ ఒడియా ఊరికి వచ్చి పెట్టేడు. కొండవాళ్ళ దగ్గర చింతపండు, ఇప్పపువ్వు కొంటాం. వాళ్ళకి ఉప్పు, నూనె, సబ్బులు అమ్ముతాం. కొట్టుతో పాటు మావగారు మాకు ఇంకో పని కూడా అప్పజెప్పి పోయారు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా, ఏ కులం వాళ్ళయినా, ఏ పార్టీ వాళ్ళయినా వంటకి పెద్ద గిన్నెలు మా ఇంటి నుంచే వెళ్తాయి. అద్దె పుచ్చుకోం. అన్నిట్లోకీ పెద్దది నా సారె గుండిగ. ఇత్తడిది, ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. మెడ చుట్టూ మా అమ్మ చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించింది: 'చి.ల.సౌ. కన్యకాపరమేశ్వరికి పుట్టింటివారు'.

ఆ ఏడు ఓట్లతో పాటే కొండ గొడవ వచ్చింది. ఊరికి పడమటనున్న కొండని కంకర క్వారీకి ఇస్తారన్నారు. ఇస్తే కుర్రాళ్ళకి పనులొస్తాయని మనోరంజన్ మీటింగులు పెట్టేవాడు. అతను మా ఆయనతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు ఒక పార్టీకి మా బ్లాకులో పెద్ద. ఇస్తే కొండ కింద ఊటలు ఎండిపోతాయని సుభశ్రీ అనేది. ఆ పిల్ల బడిలో కాంట్రాక్టు టీచరు. మా సుజన కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. బ్లాకాఫీసు ఎదురుగా టార్పాలిను కట్టి కొండ ఊళ్ళ ఆడవాళ్ళతో ధర్నాకి కూర్చుంది.

మనోరంజన్ మీటింగుకి నా గుండిగలోనే కూరగాయలేసిన దాల్మా పప్పు ఉడికింది. అది తోమి తెచ్చిచ్చిన వారానికి సుభశ్రీ వచ్చింది.

"మావుసీ, శిబిరంలో ముసిలోళ్ళున్నారు, ఎండకి పడిపోతున్నారు. అంబలి కాచడానికి పెద్ద గిన్నె కావాలి," అని ఒడియాలో అడిగింది. మావుసీ అంటే పిన్ని.

వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన త్రాసులో చింతపండు వేస్తూ తలెత్తకుండానే, "ఇచ్చీవే. ఆకలికి పార్టీ ఏటి?" అన్నారు.

గుండిగ ఒక చెవి నేను, ఒక చెవి ఆ పిల్ల పట్టుకుని మెట్లు దింపాం. అంత బరువు మోస్తూ కూడా నవ్వింది. "మీ పేరా మావుసీ ఇది? ఎంత పొడుగు పేరో! గుండిగ చుట్టూ తిరిగొచ్చింది," అంది.

ఆ నవ్వుని తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

*

పక్క పట్నం జయపురం నుంచి ఒక ఛానెలొస్తుంది. టీవీలోనూ వస్తుంది, ఫోన్లలోనూ వస్తుంది. సాయంత్రమైతే చాలు, గళ్ళు గళ్ళుగా ఆరు తలకాయలు, ఆరూ ఒక్కసారే అరుస్తుంటాయి. ఆ ఎండాకాలం ఊరంతా అదే చూసేది. వంటింట్లో పప్పు మాడినా ఎవరికీ పట్టేది కాదు.

ఒక సాయంత్రం నేను బియ్యం ఏరుకుంటున్నాను. టీవీలో మంటలు లేచాయి. మంటల్లోంచి శిబిరం కనబడింది, శిబిరంలో పొయ్యి, పొయ్యి మీద నా గుండిగ. దాని మెడకి ఎర్రటి సున్నా చుట్టి ఢామ్మని చప్పుడు చేశారు.

"చూడండి!" అని కోటు తొడుక్కున్న యాంకరతను వేలు చూపించాడు. "ఇది మన లిపా? కాదు! సరిహద్దు అవతలి లిపి! మన అభివృద్ధిని మింగేస్తున్న ఈ రాక్షసుల పొట్టలు నింపేది ఎవరు? డబ్బు ఎక్కడిది? అడవి లోపలి నుంచా?"

నా పేరు మీద కెమెరా అలా మెల్లగా జరిగింది. చి.ల.సౌ. కూడా స్పష్టంగా కనబడింది. చేట పక్కన పెట్టి లేచాను.

మా ఆయన మాత్రం పకపకా నవ్వారు. "మీ యమ్మ కొట్టించిన పేరు టీవీ దాకా పోయిందే! కొట్టినోడికి ఇంకో రూపాయి ఇయ్యాల్సింది."

"నవ్వులాటకేనా మీకు? అడవంతన్నాడండి! అడవంటే తుపాకులోళ్ళని తెల్దా?"

"మనమెవలిమో ఊరందరికీ తెలుసు. ఊరుకో."

"ఊరికి తెలుసండి. సూసేది ఊరొక్కటేనా?"

అంతలో ఫోను. చావు కబురే అనుకుని తీశాను. సుజన.

"అమ్మా, మా క్లాసు గ్రూపులో పెట్టేరు. ఇది మీవోళ్ళదేగదా అని అడుగుతున్నారు. ఏటి సెప్పమంటావు?"

"కాదని సెప్పీ అమ్మీ."

"పేరు కనిపిస్తంటే కాదని ఎలా సెప్తానమ్మా?"

మర్నాటి నుంచి మోటారు సైకిళ్ళు కొట్టు ముందుకొచ్చి మెల్లగా పోవడం మొదలైంది. ఆ బళ్ళ మీది కుర్రాళ్ళు చిన్నప్పుడు మా ఆయన బెల్లం ముక్కలు పెడితే తిన్నవాళ్ళే. "ఏం సావుకారూ, అడవికి క్యారేజీ ఎప్పుడు పంపుతున్నావు?" అని అరిచి పోయేవారు. మా ఆయన తలాడించి నవ్వేవారు. నేను లోపల తలుపు గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడేదాన్ని.

*

ఛానెలు వాళ్ళే ఫోను చేశారు. వచ్చి మీ మాట మీరు చెప్పుకోండి, అందరూ వింటారు, అన్నారు. వద్దని నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"మనం తప్పు సెయ్యలేదుగదా. ఉన్నదున్నట్టు సెప్పీసి వచ్చెస్తాను. పెళ్ళిళ్ళకిస్తాం, సావులకిస్తాం, ఆ పార్టీకిచ్చేం, వీళ్ళకీ ఇచ్చేం. రెండు ముక్కలు," అన్నారు. పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. ఆయన్నొక్కరినీ పంపలేక నేనూ జయపురం వెళ్ళాను.

ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. నన్ను బయట బల్ల మీద, గోడకున్న టీవీ ముందు. లోపల చూస్తే మనోరంజన్! నా ప్రాణం లేచొచ్చింది. మనవాడున్నాడు, కాస్తాడు, అనుకున్నాను. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. అతనూ అద్దంలోంచి నవ్వి చెయ్యి ఊపేడు.

దీపాలు వెలిగాయి. అంతే, మనోరంజన్ ముఖం మారిపోయింది. మా ఆయన వైపు వేలు పెట్టి, "ఇలాంటి పరాయివాళ్ళు మన ఉప్పు తిని మన ఇల్లే కాలుస్తున్నారు!" అని బల్ల గుద్దేడు. నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి, మొన్న దసరాకి మా ఇంట్లో పులిహోర తిన్నవాణ్ణి, నేను పోల్చుకోలేకపోయాను. మా ఆయన నోరు తెరిచేసరికి కోటతను అందుకున్నాడు. కొంత ఒడియా, కొంత హిందీ, కొంత ఇంగ్లీషు.

"గిన్నెలిచ్చారా లేదా? బియ్యం ఇచ్చారా లేదా? డబ్బు ముట్టజెప్పారా లేదా? అడవిలో ఉన్నవాళ్ళకి కబుర్లు మోశారా లేదా?"

కొట్టులో కూర్చున్నవాళ్ళకి ఒక అలవాటుంటుంది. బేరానికొచ్చినవాడు ఏమన్నా సరే, తిట్టినా సరే, ముందు తలాడిస్తారు. "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటారు, మనం చిత్తం అన్నట్టు. వాడి మాట అయ్యాక గదా మన మాట. మా మావగారూ అంతే, ఈయనా అంతే. ఆ అలవాటు చొప్పునే, కోటతను అడిగిన ప్రతిదానికీ మా ఆయన మర్యాదగా తలాడించారు. ఆయన మాట వచ్చేసరికి టైము అయిపోయింది.

మధ్యలో ఒకసారి దీపాలు ఆరినప్పుడు మనోరంజన్ లేచి తన సీసాలో నీళ్ళు మా ఆయనకి అందించడం చూశాను. "చెమటలు పడుతున్నాయి భాయ్, తాగు," అన్నట్టున్నాడు. దీపాలు వెలగ్గానే మళ్ళీ వేలెత్తేడు.

అంతా అయ్యాక, అరుచుకున్నవాళ్ళందరూ మెట్ల మీద నిలబడి టీలు తాగారు. అవతలి పార్టీ అతను మనోరంజన్ భుజం మీద చెయ్యేసి, "ఇవాళ గొంతు బాగా లేచింది నీకు," అని మెచ్చుకున్నాడు. మమ్మల్ని ఇంటికి దింపింది కూడా మనోరంజనే, తన బండిలో.

నేను ఉండబట్టలేక అడిగాను. "నువ్వు కూడా అలా అనొచ్చా బాబూ?"

"అయ్యో భావుజొ! టీవీ మాటలు ఇంటికి తెచ్చుకుంటారా ఎవరైనా? అది అక్కడికే," అన్నాడు, ఎప్పటిలాగే నన్ను వదినా అని పిలుస్తూ.

మా ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

*

మేము ఇల్లు చేరకముందే ఆయన తలాడింపు వీడియోగా ఊళ్ళో ఫోన్లకి చేరిపోయింది. తల పైకీ కిందకీ, పైకీ కిందకీ. కింద ఎర్రక్షరాలతో 'ఒప్పుకున్న సావుకారు'. పాట కూడా పెట్టారు. సుజన క్లాసులో ఒకమ్మాయి దాని పక్కన కూర్చోవడం మానేసిందట.

ఇది చాలదన్నట్టు శిబిరం వైపు కుర్రాళ్ళు కూడా ఒక వీడియో చేశారు. మనోరంజన్ మీటింగులో దాల్మా ఉడుకుతున్న ఫొటో ఎక్కడిదో పట్టుకొచ్చారు. అదే గుండిగ, అదే పేరు. దాని పక్కన మా ఆయన ముఖానికి కోరలు పెట్టి, గడ్డం మీద నెత్తురు కార్చి, 'కొండ నెత్తురు తాగే షావుకార్లు' అని రాశారు. సుభశ్రీకి తెలిసి చేశారో లేదో నాకు తెలియదు. అడగడానికి శిబిరం దాకా వెళ్ళే ధైర్యం నాకు లేదు.

ఇటు వాళ్ళకి మేము రాక్షసులం, అటు వాళ్ళకీ రాక్షసులమే. ఆ వారం సంతకి కొండ ఆడవాళ్ళు చింతపండు తట్టలు నెత్తిన పెట్టుకుని మా కొట్టు ముందు నుంచే పోయారు, ఒక్కరూ దించలేదు. ఏళ్ళ తరబడి మా అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుకున్న ముసలమ్మ కూడా మొహం అటు తిప్పుకుని పోయింది. ఒక పొద్దున్న లేచి చూస్తే కొట్టు తలుపు మీద నల్లరంగుతో పెద్ద ఇంటూ గుర్తు. ఎవరు పెట్టారో తెలియలేదు. ఇరువైపుల వాళ్ళకీ కారణం ఉంది మరి.

ఆయన అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవారు. "నానేటి సేసేనే? గుండిగిచ్చేను. అంతేగదా," అని నన్నే అడిగేవారు. ఎన్నిసార్లడిగినా నేను అదే చెప్పేదాన్ని. "అంతేనండి." ఆ మాట మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు.

అప్పుడు మనోరంజన్ వచ్చేడు. అరుగు మీద కూర్చుని నన్ను మజ్జిగ అడిగి తాగేడు.

"భాయ్, నీ మీద పడ్డ మచ్చ పోవాలంటే ఒకటే దారి. శిబిరం వాళ్ళు భయపెట్టి గుండిగ పట్టుకుపోయారని ఒక్క మాట చెప్పు. నా ఫోనులోనే తీద్దాం. రేపు ఛానెల్లో వేయిస్తాను. ఎల్లుండికి నిన్ను తిట్టినవాడే నీ కొట్లో సబ్బు కొంటాడు."

"ఆ పిల్ల అడిగి తీసుకెళ్ళింది గదా," అన్నారు మా ఆయన.

"నిజమే. దానికేమవుతుంది? వయసులో ఉన్న పిల్ల, ఉద్యమాలు చేసే పిల్ల, ఇలాంటివి దులుపుకుని పోతుంది. నీకు కొట్టుంది, చదువుకునే కూతురుంది. ఎన్నికలు ఇంకా కాలేదు భాయ్. అన్ని చోట్లా నేనుండలేను."

ఆఖరి మాట మెల్లగా అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నాకు కనబడుతున్నది తలుపు మీది నల్ల ఇంటూ ఒక్కటే. ఖాళీ గ్లాసు అందుకుని కడగడానికి వెనక్కి నడిచాను.

కొట్టు వెనక గోడ దగ్గర స్టూలు వేసి మనోరంజన్ ఆయన్ని కూర్చోబెట్టేడు. ఫోను ఎత్తి, "చెప్పు భాయ్," అన్నాడు.

"సుభశ్రీ గారు మా ఇంటికొచ్చి..."

మనోరంజన్ ఫోను దించేశాడు. "గారు తీసెయ్ భాయ్. భయపడినవాడు గారంటాడా?"

"సుభశ్రీ వచ్చి, గుండిగ కావాలని..."

"అడిగినట్టుంది అది. బెదిరించినట్టు లేదు. వాళ్ళు అను. పేరు కూడా వద్దు, వాళ్ళు."

ఆయన నుదురు తుడుచుకున్నారు. గోడ మీద ఒక తొండ తలెత్తి చూస్తోంది.

"వాళ్ళొచ్చేరు," అన్నారు. "ఇవ్వకపోతే ఏటవుద్దో తెలుసుగదా అన్నారు. మేం భయపడి ఇచ్చేం."

"అదీ!" అన్నాడు మనోరంజన్.

*

మనోరంజన్ చెప్పినట్టే అయింది. తలుపు మీది ఇంటూని ఎవరో రంగేసి చెరిపేశారు. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు దిగి సిగరెట్లు కొన్నారు. "ముందే చెప్పొచ్చుగదా బాబాయ్, మేం చూసుకునేవాళ్ళం," అన్నారు. టీవీలో ఇప్పుడు ఎర్ర సున్నా సుభశ్రీ ముఖం చుట్టూ పడింది. బళ్ళో పిల్లలతో తీయించుకున్న ఫొటో, పిల్లల్ని కత్తిరించేసి నెత్తి మీద కొమ్ములు పెట్టారు.

శిబిరం ఎత్తేసిన రోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఒక రిక్షా మీద గుండిగ వేయించుకుని వచ్చింది. ఎండకి నల్లబడిపోయింది. రిక్షావాడూ తనూ కలిసి దించారు. లోపల చింతపండుతో తోమి, బంగారంలా మెరిపించింది. ఇంటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటారుగదా, అడుగున దోసెడు చోళ్ళు, అదే రాగులు, పోసి తెచ్చింది.

"వస్తాను మావుసీ," అంది. అంతే.

"అమ్మీ," అన్నాను. సుజనని పిలిచే పిలుపు అది, నోటికి అలా వచ్చేసింది. మా ఆయన త్రాసు పళ్ళెంలో గుండ్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ కూర్చున్నారు. బేరమేమీ లేదు అప్పుడు. ఆ పిల్ల ఆయన వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

కాంట్రాక్టు తీసేశారని, పోలీసులు రెండు మూడు సార్లు పిలిపించారని, కొరాపుట్‌లో ఎవరింట్లోనో ఉంటోందని విన్నాను. ఓట్లయిపోయాయి. ఎవరో గెలిచారు. కొండ ఇంకా అక్కడే ఉంది, మొన్న దాని మీద సర్వే రాళ్ళు పాతేరు. మా చింతపండు మళ్ళీ వస్తోంది. నేను భయపడ్డది ఏదీ జరగలేదు.

జరిగింది ఇది. ఇంతకుముందు ఆ ఛానెలు వస్తే మా ఆయన నవ్వుకుంటూ చూసేవారు, లేదా లేచి పోయేవారు. ఇప్పుడు కొట్టు తలుపు దగ్గరకి వేసుకుని వచ్చి ముందు అదే పెడతారు. ఫోను చేతిలో ఉంటుంది. కోటతను అరిస్తే ఈయనా అరుస్తారు. "తన్నాలీళ్ళని! దేశంలోంచి తోలీయాల!"

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "ఎందుకండి అలా? మనల్నీ అలాగే అన్నారు గదా వాళ్ళు."

"మన సంగతి వేరు. మనం నిజంగా ఏటీ సెయ్యలేదు. వీళ్ళు అలా కాదు, ఉత్తినే అంటారేటి టీవీలో? ఆ సుభశ్రీ లేదూ, అది ఆ రోజు బెదిరించే అడిగింది."

"గుండిగ అందించింది నానేనండి. ఒక చెవి నాను, ఒక చెవి ఆ పిల్ల..."

"నువ్వు లోపలున్నావప్పుడు. నీకు తెల్దు."

అబద్ధం చెప్పేటప్పుడు ఆయన కళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆ కళ్ళు అలా లేవు. ఆయనకి అలాగే గుర్తుంది. నేనింక ఎవరితో వాదించాలి?

నిన్న సాయంత్రం సుజన ఫోను చేసింది.

"అమ్మా, నాన్న పంపింది సూసేవా?"

"ఏటమ్మీ?"

"సుభశ్రీ దీదీ ఫొటో. కొమ్ములు పెట్టి, కింద బూతులు. చుట్టాలందరికీ పంపేడు. నాక్కూడా పంపేడమ్మా. ఇంకా పదిమందికి పంపండని రాసేడు."

ఆయన పక్క గదిలోనే ఉన్నారు. టీవీ చప్పుడు గోడ దాటి వస్తోంది. గొంతు తగ్గించి, "సూసేనమ్మీ," అన్నాను. "నా పక్కనే కూకుని పంపేరు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటీ అన్లేదు."

"ఏటీ అన్లేదా? మరేటి సేసేవమ్మా?"

"అన్నం పెట్టేనమ్మీ," అన్నాను. "ఆకలేస్తందన్నారు, అన్నం పెట్టేను."